కుడి భుజం వెనక మాస్టరు

తుపాకీ నేర్పే మంచి మాస్టరు ఒకడు కావాలని అడుగుతూ డిటెక్టివ్ గది మెట్లెక్కిన మనిషి ముదలియార్‌పేట పుట్టాక ఒక్కడే. ఆయన పెద్దబజారులో పాత్రల కొట్టు సీతాపతి. కార్తీకమాసపు వాన నాలుగు రోజులుగా తెరిపి లేకుండా పడుతోంది. గొడుగు ముడవాలన్న ధ్యాస కూడా లేక, ఆయన ఆ నల్లగొడుగు కిందే గదిలోకి వచ్చి, దాని కిందే కుర్చీలో కూర్చున్నాడు.

సైకిల్ షాపు మీదున్న ఆ గదిలో పనిచేసేది ఇద్దరు. ఒకరు డిటెక్టివ్ సుబ్బరాయలు. అరవై దాటిన మనిషి, సన్నగా, ఉతికి ఆరేసిన పంచెలా ఉంటాడు. రెండో మనిషి ఆయన అసిస్టెంటు మహాలక్ష్మి. నూలుమిల్లు మూతపడేదాకా అందులో తెగిన దారాలు అతికిన చెయ్యి ఆమెది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా రాయడం రాదు, అందుకని కేసు వివరాలన్నీ తమిళంలో రాసుకుంటుంది. రాయలన్న మీద ఆమెకున్న గురి ఇంతా అంతా కాదు. తేంగాయితిట్టు చేపల వేలంలో ఆయన ఒక వంజరం చేప కళ్ళలోకి చూసి, దాన్ని పట్టింది ఏ పడవో చెప్పేశాడని వీధంతా చెబుతుంది. అప్పుడు చేప కూడా అవునని తల ఊపిందంటుంది. అంతవరకూ మనం నమ్మాల్సిన పని లేదు.

మహాలక్ష్మి లేచి సీతాపతి చేతిలోంచి గొడుగు తీసి మూల పెట్టింది. అప్పుడు చూసింది, ఆయన ముఖం మీది తడి వానది కాదు.

సీతాపతి చెప్పుకొచ్చిన సంగతి ఇది. కాలాపేట దాటాక జీడితోపులో ఒక షూటింగ్ క్లబ్బు ఉంది. అక్కడ యంత్రం మట్టి పళ్ళేలను గాలిలోకి విసురుతుంది. ఒకటి పిట్టలా పైకి లేస్తుంది, ఒకటి కుందేలులా నేలమీద దొర్లుతుంది. వాటిని, ఒకదాని మీద ఒకటిగా ఉన్న జంట గొట్టాల తుపాకీతో పగలగొట్టాలి. ఆయన కూతురు అర్చిత, ఇరవై రెండేళ్ళది, మూడు నెలలుగా అక్కడ శ్రీనివాసన్ అనే పెద్ద మాస్టరు దగ్గర నేర్చుకుంటోంది. పన్నెండు రోజుల కింద ఆ పిల్ల చేతిలోనే తుపాకీ గొట్టం పగిలింది. ఆమె ఎడమచేతి వేలు ఒకటి పోయింది. పక్కనున్న శ్రీనివాసన్ మెడలో ఇనుపముక్క దిగి అక్కడికక్కడే ప్రాణం పోయింది. పోలీసులు ప్రమాదమని రాసి కాగితాలు మూసేశారు.

"ఇంక ఆ జోలే వద్దనుకున్నా సార్," అన్నాడు సీతాపతి. "అమ్మాయి మళ్ళా తుపాకీ పట్టుకుంటానంటాంది. ఎందుకమ్మా అంటే పలకదు. మాస్టర్ని చంపింది నేనే అని ఒకటే మాట. అక్కడ చిన్న మాస్టరు ఉండాడు, శ్రవణ్ అని. సోమవారం నుంచి నేను నేర్పిస్తాలే పంపించండి అంటాడు. ఆ బిడ్డ చేతిలో తుపాకీ పెట్టేటోడు ఎట్లాంటోడో నాకు తెలియాల. ఆమె ఎందుకు పట్టుకుంటానంటాందో... నాకు భయంగా ఉండాది."

ఆయన పలకకుండా వదిలేసిన మాట ముగ్గురికీ వినిపించింది. కింద సైకిల్ షాపులో ఎవడో ట్యూబుకి గాలి కొడుతున్నాడు.

"మంచి మాస్టరు ఎట్ల ఉంటాడో తెలియాలంటే, పోయిన మాస్టరు ఎట్ల ఉండేవాడో ముందు తెలియాల," అన్నాడు సుబ్బరాయలు. "పద మాలచ్చిమీ."

పెద్దబజారు వెనకవీధిలో సీతాపతి ఇల్లు. అర్చిత కిటికీ పక్కన కూర్చుని, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో వస్తువు తనకి కాపలా పెట్టినట్టు చూస్తోంది. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పింది.

శ్రీనివాసన్ సారు పద్ధతే వేరు. ఎప్పుడూ కుడి భుజం వెనకే నిలబడేవాడు. పళ్ళెం వైపు చూసేవాడు కాదు, గొట్టం పోయే దారి చూసేవాడు. అక్కణ్ణుంచి అంగుళం కదిలేవాడు కాదు. శిష్యుల దగ్గర తూటాలు ఉంచేవాడు కాదు. నడుముకున్న తోలుసంచిలోంచి రెండేసి తీసి తనే అరచేతిలో పెట్టేవాడు. వాటిని చూడకూడదు, తడిమి వేసుకోవాలి. కళ్ళు ఆకాశం మీదే ఉండాలి. పిట్ట వచ్చేటప్పుడు నీ చేతులు చూసుకుంటావా అని వెక్కిరించేవాడు.

"తుపాకీ తుస్సుమంటే ఏం చెయ్యమన్నాడు?" అని అడిగాడు సుబ్బరాయలు.

"మందు సరిగ్గా కాలకపోతే గుండు గొట్టంలో ఇరుక్కుంటుందంట. ఇంకోటి కాలిస్తే పగులుతుంది. చప్పుడు తేడాగా ఉంటే ఆగిపో, నేను తుపాకీ మీద చెయ్యేస్తా అన్నారు. మొదటిరోజే చెప్పినారు." ఆమె కట్టు అంచు సర్దుకుంది. "ఆ రోజు తుస్సుమనిందంట. శ్రవణ్ సార్ దూరాన్నుంచి ఆగమని అరిచినారంట. నేను ఆగలా."

"నువ్వు విన్నావా?"

"చెవులకి మూతలు ఉన్నాయి. నాకేమీ గుర్తు లేదు. ఆయన విన్నానన్నారు కదా."

సుబ్బరాయలు ఆ సంగతి వదిలేసి, ఆ పొద్దున్న మాస్టరు ఉత్సాహంగానే ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడంది. రాత్రి క్లబ్బులోనే వదిలిపోయిన సంచి నడుముకి కట్టుకుంటే జారిపోయిందట. పటకా రెండు బొక్కలు లోపలికి బిగించుకుంటూ, ఒక్క రాత్రిలో నా నడుము సినిమా హీరోయిన్ నడుమైపోయింది చూడు పాపా అన్నాడట. అది చెప్పేటప్పుడు ఆ పిల్ల పెదవి నవ్వబోయి మానుకుంది.

వచ్చేటప్పుడు ఆమె తల్లి ఒక చిన్న డబ్బా తెచ్చి చూపించింది. చేతిలోంచి డాక్టరు తీసిన ముక్కలవి. పారేయబుద్ధి కాలేదంది. మూడు ఇనుపరజను పలుకులు, గోరంత పసుపుపచ్చ ప్లాస్టిక్ ముక్క. అది మట్టిపళ్ళెం పెంకు అయ్యుంటుందని వాళ్ళ అనుమానం. సుబ్బరాయలు దాన్ని అడిగి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు కాలాపేట వెళ్ళారు. ఈసీఆర్ రోడ్డు మీద బస్సు దిగి, జీడిచెట్ల మధ్య ఎర్రమట్టి బురదలో నడిచారు. చెట్ల అవతల సముద్రం బూడిదరంగులో పొంగుతోంది. శ్రవణ్ ఎదురొచ్చాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, మర్యాదస్థుడు, మాట మెత్తన. పొట్ట మాత్రం ఆయనకంటే ముందే వచ్చి నమస్కారం పెట్టింది.

జరిగినదంతా ఆయన తడుముకోకుండా చెప్పాడు. తను నలభై అడుగుల దూరంలో, యంత్రం ఉన్న గుంటలో ఉన్నాడు. మొదటి కాల్పు తుస్సుమనడం విన్నాడు. ఆగమని అరిచాడు. ఆ పిల్ల మళ్ళీ కాల్చింది. మాస్టరు పడిన చోటు చూపించాడు. కర్రతో గీసిన చదరంలో ఆ పిల్ల నిలబడితే, మాస్టరు పడింది ఆమెకి ఎడమవైపు, రెండడుగుల అవతల. తనే పరుగెత్తుకొచ్చి ఎత్తానన్నాడు. మాస్టరు ముక్కు మీదున్న కళ్ళజోడు పగిలిపోయిందట. దాన్ని జాగ్రత్తగా వాళ్ళావిడకి అప్పగించానన్నాడు. రక్తం మరకలని ఆ సాయంత్రమే ఇసక తవ్వి ఎత్తి పోయించానన్నాడు.

సుబ్బరాయలు ఒక మట్టిపళ్ళెం చేతిలోకి తీసుకుని నలిపాడు. నల్లగా పొడిపొడి అయిపోయింది. సామాను గదిలో ఎర్ర తూటాల పెట్టెలు గోడెత్తున ఉన్నాయి, అవి క్లబ్బు తుపాకులవి, పన్నెండు బోరు. పక్కనే సగం వాడిన చిన్న పెట్టె ఒకటి, అందులోవి పసుపుపచ్చ తూటాలు, కాస్త సన్నవి. ఇరవై బోరు తుపాకీ తెచ్చుకునే అతిథుల కోసమట, బోరు అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నమట. అతిథుల పుస్తకం ఊరికే తిరగేశాడు. ప్రమాదానికి ముందురోజు సాయంత్రం చెన్నై నుంచి భార్యాభర్తలు ఇద్దరు ఇరవై బోరు తుపాకీతో వచ్చారు. నేర్పినవారు అన్నచోట శ్రవణ్ సంతకం ఉంది.

"ఆయన తర్వాత ఈ చోటంతా మీదేనా?" అని అడిగింది మహాలక్ష్మి.

"ఎవరో ఒకరు చూసుకోవాల గదక్కా," అన్నాడు శ్రవణ్. కళ్ళు మాత్రం ఆ చదరం మీదకి పోలేదు.

తిరుగుదారిలో సుబ్బరాయలు పోలీసు స్టేషన్లో పాత పరిచయాన్ని పట్టుకుని పగిలిన గొట్టం చూసొచ్చాడు. చీలిక కింది గొట్టంలో, తూటా కూర్చునే చోటికి నాలుగు వేళ్ళ ముందే మొదలైంది. మహాలక్ష్మి అది కూడా రాసుకుంది. అన్నీ రాసుకుంది గానీ ఒక్కటీ అతకలేదు. మిల్లులో ఇట్లాంటి పోగులు వస్తే మేస్త్రీని పిలిచేవాళ్ళు. మేస్త్రీ మాత్రం బస్సులో కిటికీకి తల ఆనించి గుర్రు పెడుతున్నాడు.

శ్రీనివాసన్ ఇల్లు కాలాపేటలోనే, రెండు గదులది. మాస్టరు పోయిన పద్నాలుగో రోజు వెళ్ళారు. ఆయన భార్య కనగం గడప దగ్గరే నిలబడి, అర్చిత తరఫు వాళ్ళని తెలియగానే తలుపు సగం మూసింది. ఆ పిల్ల పేరు ఎత్తద్దంది. ఆమె చూపు సుబ్బరాయలు చూపు వెంటే వెళ్ళింది. ఆయన గడప పక్కనున్న చెప్పులు చూస్తున్నాడు. షుగరు ముదిరి పాదాలకి స్పర్శ పోయినవాళ్ళకిచ్చే మెత్తటి చెప్పులు.

"పాదాలేనా అమ్మా, వేళ్ళకి కూడా తెలిసేది కాదా?"

కనగం వంగి ఆ చెప్పులు గోడవారకి జరిపింది. తర్వాత తలుపు తెరిచింది. ఏడాదిగా ఆయన వేళ్ళకి ఏమీ తెలిసేది కాదట. ఒకరోజు పొయ్యిమీది దోసెపెనం చేత్తో పట్టుకుని, వాసన వచ్చేదాకా వదల్లేదట. క్లబ్బులో చెప్పద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. తెలిస్తే ఇంటికి పంపేస్తారని, అప్పుడు తను ఇంకేమీ కాడని. "కళ్ళు మాత్రం గద్ద కళ్ళు," అంది కనగం. "దూరాన పడవ మీద రాత కూడా చదివేవాడు. దగ్గర చూడాలంటేనే జోడు." పగిలిన ఆ జోడు తెచ్చి చూపించింది. దళసరి అద్దాలు, చదువుకునేందుకు పెట్టుకునేవి.

సుబ్బరాయలు ఆ జోడుని కిటికీ వెలుగులో పెట్టి ఎంతసేపు చూశాడంటే, ఇంటి పిల్లి వచ్చి ఆయన ఒళ్ళో నిద్రపోయి లేచి వెళ్ళింది. అప్పుడు ఆయన చేతులు జోడించి, రేపు పొద్దున్న ఒక్కసారి క్లబ్బుకి రావాలమ్మా అన్నాడు.

పదిహేనో రోజు పొద్దున్న క్లబ్బు వరండాలో అందరూ కూర్చున్నారు. సీతాపతి, కూతురు ఒక బెంచీ మీద. కనగం వాళ్ళకి వీపు తిప్పి, సముద్రం వైపు. శ్రవణ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వాన లేదు గానీ మబ్బు చెట్ల తలల మీదికి దిగింది.

"నన్ను సీతాపతిగారు అడిగింది ఒకటే," అన్నాడు సుబ్బరాయలు. "మంచి మాస్టరు ఎవరని. శ్రీనివాసన్ మంచి మాస్టరే. ఎంత మంచివాడంటే, ఆయన అలవాట్లే నాకు సాక్ష్యం చెప్పినాయి. పాపా, తుపాకీ తుస్సుమంటే ఆయన ఏం చేస్తానన్నాడు?"

"తుపాకీ మీద చెయ్యేస్తానన్నారు."

"ముప్పై ఏళ్ళు కుడి భుజం వదలని మనిషి, తుస్సుమన్న చప్పుడు విని, నీ చేతిలో తుపాకీ వదిలేసి ఎడమపక్కకి పోతాడా? పోయి, చదువుకునే కళ్ళజోడు పెట్టుకుంటాడా? ఆకాశంలో పిట్టకి ఆ జోడు ఎందుకు? కిందపడిన చిన్న వస్తువు వెతికేవాడికి కావాల అది. ఆయన వంగి నేలమీద ఏదో వెతుకుతుండగా గొట్టం పగిలింది. నువ్వు కాల్చే ముందు ఆయన ఏమన్నాడు? పెద్ద చప్పుడు వదిలెయ్. దానికి ముందు."

అర్చిత కళ్ళు మూసుకుంది. ఆమె మాటలు ఒకటొకటిగా వచ్చాయి. మీట నొక్కితే టిక్ మంది. అంతే. తుపాకీ తెరిచి తడిమితే పై గొట్టంలో తూటా ఉంది, కింది గొట్టం ఖాళీ. సార్, ఒకటి లేదు అంది. జారి పడిపోయిందేమో అంటూ ఆయన ఇంకొకటి చేతిలో పెట్టాడు. నువ్వు కొట్టు, నేను చూస్తా అన్నాడు.

"తుస్సు కాదు. టిక్," అన్నాడు సుబ్బరాయలు.

ఆయన మహాలక్ష్మి వైపు చెయ్యి చాపాడు. ఆమె క్లబ్బు తుపాకీ ఒకటి తెరిచి అందించింది, రెండు గొట్టాలూ ఖాళీ. ఆయన కాల్చేసిన ఒట్టి పచ్చతూటా ఒకటి అందరికీ చూపించి కింది గొట్టంలో వేశాడు. అది సన్నగా జారి లోపలికి పోయి కనపడకుండా ఆగిపోయింది. అర్చిత దగ్గరికి తెచ్చి, తడిమి చూడు పాపా అన్నాడు. ఆమె మంచి చేతి వేలు పెట్టి చూసింది. ఖాళీ. అప్పుడు గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి, ఇప్పుడు చూడు అన్నాడు. పై గొట్టంలో గుండ్రంగా మబ్బు కనిపించింది. కింది గొట్టంలో చీకటి.

"ఈ చీకటి వెనకాల ఇంకో ఎర్రతూటా వేసి కాలిస్తే గొట్టం నిలవదు. సరిగ్గా నాలుగు వేళ్ళ ముందు చీలుతుంది. నీ చేతిలోంచి డాక్టరు తీసింది ఇది." పసుపుపచ్చ ముక్కని బల్ల మీద పెట్టాడు. "మట్టిపళ్ళెం నలిపితే పొడి అవుతుంది, ప్లాస్టిక్ కాదు. పాపకి చూసుకోకుండా వేసుకోవడమే నేర్పినాడు ఆయన. ఆయన వేళ్ళకి సన్నం, లావు తెలిసే కాలం దాటిపోయింది. అమ్మా, ఇది చెప్పక తప్పదు. గొట్టంలోంచి ఒకసారి ఆకాశం చూడమని ఉంటే బతికేవాడు. ఆ ఒక్క తప్పు ఆయనది. అయితే, ఎర్రవి తప్ప ఎరగని సంచిలోకి పచ్చది ఎట్ల వచ్చింది?"

కనగం ఇటు తిరిగింది.

"ముందురోజు సాయంత్రం ఇరవై బోరు అతిథులకి నేర్పినది ఒక్కరే. ఆ సంచి కట్టుకుని నేర్పినారు. ఆ నడుముకి సంచి పటకా రెండు బొక్కలు వదులు చెయ్యక తప్పదు. మర్నాడు పెద్దాయన దాన్ని మళ్ళీ బిగించుకున్నాడు. అడుగున ఒక పచ్చతూటా ఉండిపోయింది. అది మరుపు, శ్రవణ్. మరుపు ఎవరికైనా ఉంటుంది. గుంటలో యంత్రం మోత మధ్య వినపడని చప్పుడు వినపడిందని చెప్పినావు చూడు, అది మరుపు కాదు."

శ్రవణ్ గోడ దగ్గరే కింద కూర్చున్నాడు. అబద్ధం చెప్పడానికి కూడా ప్రయత్నించలేదు. ఇసక తవ్వించేటప్పుడు తూటా ఇత్తడి అడుగు దొరికిందన్నాడు. దాని మీద ఇరవై అంకె చూశానన్నాడు. దాన్ని సముద్రంలోకి విసిరేశాడట.

"పాప స్పృహ వచ్చి, ఏమైంది సార్ అనింది. నోటికి వచ్చింది చెప్పేసినా," అన్నాడు. "ఆ పాప నమ్మేసింది. ఒక్క మాట ఎదురు అడగలా. అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణి. సోమవారం నుంచి నేర్పిస్తానన్నది కూడా... ఏదన్నా మంచి చెయ్యాలని."

సీతాపతి లేచాడు. కొడతాడనుకుంది మహాలక్ష్మి. ఆయన రెండడుగులు వేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా నిలబడిపోయాడు. సుబ్బరాయలు మెల్లగా, ఇదే మాట స్టేషన్లో మళ్ళీ చెప్పాలని శ్రవణ్‌కి చెప్పాడు. శ్రవణ్ తలూపాడు. సీతాపతికి కావలసిన జవాబు కూడా సుబ్బరాయలు అప్పుడే చెప్పాడు. మాస్టరు కోసం ఇప్పుడే వెతకద్దని, ఆ పిల్ల ఎందుకు తుపాకీ అడిగిందో ముందు కూర్చుని వినమని, మనసులో మాట వినే డాక్టరు ఉంటే అక్కడికి తీసుకుపొమ్మని.

అర్చిత ఇవేవీ విన్నట్టు లేదు. ఆమె కనగం ముందుకి వెళ్ళి నిలబడింది. కనగం తల ఎత్తి చూసింది. భర్త దాచిన సంగతి అందరి ముందూ పడ్డ ముఖం అది, పదిహేను రోజులు ఒక పిల్లని తిట్టుకున్న ముఖం కూడా అదే.

"రేపు కరుమాది," అంది చివరికి. "పదహారో రోజు కర్మ. సముద్రం దగ్గర నీళ్ళు వదలాల. మాకు పిల్లల్లేరు. ఆయన కడాకి నేర్పింది నీకే."

"నేను రావొచ్చా అమ్మా?"

"ఎనిమిదికల్లా రా," అంది కనగం. "ఏం తినకుండా రా పాపా. అయినాక నా దగ్గరే తిందువు."